నా సంతకం చాలు

మల్లీశ్వరికి నెల తప్పి, ఏడో వారమని తెలిసిన రోజున అత్తగారు రావమ్మ సేమ్యా పాయసం చేసింది.

ఉయ్యూరులో వాళ్లది ఇంటిని ఆనుకున్న చేనేత చీరల కొట్టు. భర్త దుర్గాశంకర్ పెడన వెళ్లి మగ్గాల దగ్గర సరుకు తెస్తే, ఫోన్‌లో వీడియో పెట్టి ఆ చీరలు అమ్మేది మల్లీశ్వరే. వయసు ముప్ఫై ఏడు. పెద్దకూతురు రాజ్యశ్రీ పదో తరగతి, చిన్నది రుచిత మూడో తరగతి.

"ఈసారి మనవడే. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది" అంటూ రావమ్మ గిన్నె అందించింది.

"నాకీ బిడ్డ వద్దత్తయ్యా. తీయించుకుంటాను."

రావమ్మ ఇవ్వబోయిన గిన్నె వెనక్కి తీసుకుంది. "అనకూడని మాట. కడుపున పడ్డ ప్రాణాన్ని ఎవరైనా తీయించుకుంటారా? మహాపాపం."

మల్లీశ్వరి ఆవిడ మొహంలోకి చూసింది. మూడేళ్ల క్రితం, నాలుగో నెలలో, ఒక ఆదివారం ఇదే అత్తగారు పక్కన కూర్చుని ఆమెను కారులో తీసుకెళ్లింది. కంకిపాడు దాటాక బోర్డు లేని ఒక ఇంట్లో పొట్ట మీద చల్లటి జెల్లీ రాసి స్కాన్ చేశారు. ఆడపిల్ల అని బయట అత్తకూ భర్తకూ చెప్పారు గాని ఆమెకు చెప్పలేదు. మర్నాడు ఇంకోచోట మత్తు ఇచ్చి తీసేశారు. అంతకుముందు "ఇక్కడ పెట్టమ్మా" అంటే సంతకం పెట్టింది. ఆ కాగితంలో ఏముందో చదవనివ్వలేదు. నెలరోజులు రక్తం పోయింది. అప్పుడు ఈ ఇంట్లో పాపం అన్నవాళ్లు లేరు.

సాయంత్రం కొట్టు కట్టేశాక దుర్గాశంకర్ నచ్చజెప్పబోయాడు. "తొందరెందుకు మల్లీ? మూడో నెల దాటనీ. ఒకసారి చూపిద్దాం. తర్వాత నీ ఇష్టం."

"తర్వాత నా ఇష్టం కాదండీ, ఆ స్కాన్ ఇష్టం. మగపిల్లాడైనా నాకొద్దు. నా ఒంట్లో ఓపిక లేదు, నాకు ఇద్దరు పిల్లలు చాలు. మిమ్మల్ని ఆపరేషన్ చేయించుకోమంటే నవ్వారు. జాగ్రత్తపడ్డా నిలిచింది. ఇంక నా దారి నేను చూసుకుంటాను."

మర్నాడు ఊళ్లోనే ఒక నర్సింగ్‌హోమ్‌కు వెళ్లింది. కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే, "హస్బెండ్‌గారు రావాలండీ. ఆయన సంతకం లేకుండా చెయ్యరు" అంది.

ఆ మర్నాడు పొద్దున్నే మల్లీశ్వరి విజయవాడ బస్సెక్కింది. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ల ఉచిత టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. కంకిపాడు దాటుతున్నప్పుడు కళ్లు మూసుకుందామనుకుంది. మూసుకోలేదు. ఆనాడు కారు తిరిగిన మలుపు కనుమరుగయ్యేదాకా చూసింది.

ఆసుపత్రిలో వివరాలు రాసుకునే బల్ల దగ్గర హెలెన్ అనే నర్సు ఉంది. యాభై ఏళ్లుంటాయి. మెడలో సన్న గొలుసుకు మరియమాత పతకం.

"ఎవరైనా బలవంతపెట్టి పంపారా అమ్మా?"

"లేదు సిస్టర్. నేనే వచ్చాను. మావారికి ఇష్టం లేదు."

హెలెన్ పెన్ను కింద పెట్టింది. "ముందే ఒక మాట చెప్తాను. ఇది నాకు నచ్చిన పని కాదు. ఏటేటా గుణదల మాత కొండెక్కి మొక్కుకునే మనిషిని. లోపల ఆ డ్యూటీ నేను చెయ్యను, డాక్టరు మేడంగారికి తెలుసు. అలాగని ఈ కుర్చీలో కూర్చుని అబద్ధం చెప్పను. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషికి చట్టప్రకారం తన సంతకం చాలు. మొగుడిది అక్కర్లేదు. అత్తది అసలే అక్కర్లేదు."

"మరి మా ఊళ్లో అడిగారే?"

"అడుగుతారు. మీలాంటివాళ్లు తెలియక వెనక్కెళ్లిపోతారు. మీరెళ్లలేదుగా."

మల్లీశ్వరి ఫోన్ తీసి, 'విజయవాడలో ఆసుపత్రిలో ఉన్నాను. సాయంత్రానికి వస్తాను' అని భర్తకు మెసేజ్ పెట్టింది. ఆసుపత్రి పేరు కూడా రాసింది. దొంగతనంగా చేసుకున్నట్టు ఉండటం ఆమెకు ఇష్టం లేదు.

గంటన్నర తిరక్కుండా దుర్గాశంకర్ బండి మీద వచ్చేశాడు. హెల్మెట్ చేత్తో పట్టుకునే నేరుగా బల్ల దగ్గరికొచ్చాడు.

"నేనీవిడ భర్తనండీ. నేను ఒప్పుకోవట్లేదు. అది రాసుకోండి."

"రాద్దామన్నా ఈ ఫారంలో మీకు చోటు లేదండీ" అంది హెలెన్.

అతను భార్య వైపు తిరిగాడు. "ఇంటికి పద. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి." మల్లీశ్వరి లేచి నిలబడింది. "కంకిపాడు అవతల ఆ ఇంటికి తీసుకెళ్లినప్పుడు నన్నెవరైనా అడిగారా? ఆడపిల్ల అని మీకు చెప్పారు. కారులో మీరూ అత్తయ్యా గుసగుసలాడుకుంటుంటే విని తెలుసుకున్నాను నేను. అప్పుడు నాకు ఆ పిల్ల కావాలో వద్దో ఎవరికీ పట్టలేదు. ఇవాళ నాకు వద్దంటే మాత్రం మీ సంతకం కావాలా?"

"మెల్లగా మాట్లాడు! అది నేరం. లోపలేస్తారు."

"తెలుసు. అందుకే గట్టిగా మాట్లాడుతున్నాను."

వరుసలో కూర్చున్న ఆడవాళ్లు ఇటు తిరిగారు. దుర్గాశంకర్ గొంతు తగ్గింది. "మగపిల్లాడు లేకపోతే రేపు కొట్టు ఎవరు చూస్తారు మల్లీ?"

"ఇవాళ ఎవరు చూస్తున్నారండీ?"

అతను బెంచీ మీద కూలబడి హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ మల్లీశ్వరిని ఒక్కదాన్నే లోపలికి పిలిచి పరీక్ష చేసింది. అన్నీ రెండుసార్లు అడిగింది. ఫారం ఆమె చేతికిచ్చి, చదువుకుని పెట్టమంది. మల్లీశ్వరి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. తర్వాత పూర్తి పేరుతో సంతకం చేసింది. ఒక మాత్ర అక్కడే మింగించి, మిగతావి రెండు రోజుల తర్వాత వేసుకోవాలని చెప్పారు.

వెళ్లేముందు హెలెన్ ఒక కాగితం మీద తన నంబరు రాసిచ్చింది. "రక్తం మరీ ఎక్కువ పోతే ఆలోచించకుండా వచ్చేయండి. మీకోసం ప్రార్థన చేసుకుంటాను. వద్దంటే మానేస్తాను."

"చేసుకోండి సిస్టర్. నన్ను క్షమించమని మాత్రం అడక్కండి."

"అడగను" అంది హెలెన్.

మిగతా మాత్రలు వేసుకున్న రోజు కడుపు మెలిపెట్టింది. రాజ్యశ్రీ వేడినీళ్ల సంచి తెచ్చి పక్కన కూర్చుంది. కూతురికి మల్లీశ్వరి ఏదీ దాచలేదు. మూడేళ్ల క్రితం సంగతీ చెప్పింది. రాజ్యశ్రీ నీళ్ల సంచి తల్లి పొట్టకు ఆనించింది. "నాకు చెల్లెలయ్యేది కదమ్మా" అంది. అప్పుడు మల్లీశ్వరికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇప్పటిదానికి కాదు ఆ ఏడుపు. ఇప్పటిదానికి ఒళ్లు తేలికపడ్డట్టే ఉంది.

పది రోజులకు రావమ్మ చెల్లెలు సంపూర్ణమ్మ, తన కోడలు సుస్మితను వెంటబెట్టుకుని చూడటానికొచ్చింది. సుస్మితకు నాలుగో నెల.

"ఏం చేస్తాం, నిలవలేదు. జారిపోయింది" అంటోంది రావమ్మ.

కాఫీలు తెస్తున్న మల్లీశ్వరి గుమ్మంలోనే ఆగింది. "జారిపోలేదు చిన్నత్తయ్యా. నేనే తీయించుకున్నాను. మూడేళ్ల కిందటిది మాత్రం నేను తీయించుకున్నది కాదు. అదెవరి పనో మీ అక్కగారిని అడగండి."

రావమ్మ మొహం తిప్పుకుంది. కొట్టు గదిలో చీర మడత పెడుతున్న దుర్గాశంకర్ చేతులు ఆగిపోయాయి.

ఖాళీ గ్లాసులు తీసుకుని సుస్మిత వంటింట్లోకి వచ్చింది. "అక్కా, ఈ ఆదివారం నాకూ కారు మాట్లాడారు. ఎక్కడికో చెప్పట్లేదు. నాకు ఈ బిడ్డ కావాలక్కా, ఎవరైనా సరే."

"అయితే కారెక్కకు."

"ఊరుకుంటారా?"

"ఊరుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి. పోలీసుల్ని తీసుకుని నేనే వస్తాను. మీ అత్తగారితో ఈ మాట నన్ను చెప్పమంటావా, నువ్వు చెప్తావా?"

సుస్మిత పమిటచెంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు పక్కన నిలబడు. నేనే చెప్తాను."

ఇద్దరూ ముందు గదిలోకి నడిచారు. దుర్గాశంకర్ కొట్టు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాళ్లను లోపలికి పొమ్మని అనలేదు.

"అత్తయ్యా, ఆదివారం నేను ఎక్కడికీ రావట్లేదు" అంది సుస్మిత. గొంతు మొదట పీలగా వచ్చింది. మల్లీశ్వరి ఆమె మోచెయ్యి పట్టుకుంది. సుస్మిత ఆ మాటే మళ్లీ, ఈసారి వీధిలోకి వినపడేలా అంది.