గుండీలు పెట్టుకుంటున్న సిపాయి

మా ఆయన ప్రాణమంతా ట్యాంకుల్లోనే. పెళ్లయ్యాక అందులో సగం నాకు రాసిచ్చారు. మిగతా సగం ఇంకా జపాన్ సైన్యం దగ్గరే ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి ఫిల్మ్ రీళ్లు భద్రపరిచే ఆఫీసులో ఆయన ఉద్యోగం. తెరమీద కనిపించే ట్యాంకు ఏ రకమో, ఏ దళానిదో తేల్చి చెప్పాలి.

ఆ సాయంత్రం రైలుకి మా మొదటి ప్రయాణం. సముద్రం చూడబోతున్నాం! నేను పెట్టె సర్దడం, విప్పి చూసుకుని మురిసిపోవడం, మళ్లీ సర్దడం. తీరా పొద్దున్నే ఆయన నీళ్లు నమిలారు.

"ఒక్క రీలు తేలలేదోయ్. అది తేలితేగానీ పెద్దసారు సెలవివ్వరట."

"అయితే ఆ ట్యాంకునే తీసుకెళ్లండి సముద్రానికి!"

రోజూ ఆయన చొక్కాకి గుండీలు పెట్టేది నేనే. పెళ్లయిన మర్నాడే లాక్కున్న హక్కది. ఆ పూట మాత్రం మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆయన తనే పెట్టుకుని, భోజనం డబ్బా మరిచి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి నా అలక నాకే విసుగేసింది. డబ్బా పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. చీకటి గదిలో ఇద్దరూ తెరకి అతుక్కుపోయి ఉన్నారు.

"రామ్మా," అన్నారు పెద్దసారు. "పెళ్లయ్యాక మీ ఆయన చూపు తెరమీద ఆనడం లేదు. కాస్త నువ్వైనా చెప్పు."

"నా చూపు బాగానే ఉంది సార్, ట్యాంకే తిన్నగా లేదు," అని మా ఆయన నావైపు తిరిగారు. "చూడు, అచ్చం జపాన్ వాళ్ల తేలిక ట్యాంకే. కానీ దానికి ముందున్న మెషిన్ గన్ డ్రైవరుకి ఎడమపక్క ఉండాలి. ఇందులో కుడిపక్కనుంది. పైన ఆ తెల్లగీత చూశావా? మా ఫొటోల్లో ఏ దళానికీ ఇటు వాలిన గీత లేదు."

నాకు ట్యాంకు ఇనపపెట్టెలాగే కనిపించింది. దానికి చేరగిలబడి, నవ్వుతూ కోటు గుండీలు పెట్టుకుంటున్న సిపాయి మాత్రం ముచ్చటగా ఉన్నాడు.

"ఇతనేంటండీ, వాళ్లావిడ కోటు తొడుక్కొచ్చాడు?"

"ఏమన్నావ్?"

"గుండీలండీ! మీకు పెట్టేటప్పుడు నా ఎడమచేతి వైపుంటాయి. ఇతనికి చూడండి, కుడివైపు. మా ఆడవాళ్ల చొక్కాలకి ఉన్నట్టు."

మా ఆయన నెత్తి కొట్టుకున్నారు. "ఫిల్మే తిరగబడింది సార్! ఎవరో కాపీ తీసేటప్పుడు తిరగేసి పెట్టారు. ఎక్కడైనా ఒక్క అక్షరం కనబడితే ఇట్టే తెలిసేది. రీలంతా వెతికినా ఒక్కటీ లేదాయె!"

బొమ్మని కుడిఎడమలు మార్చారు. మెషిన్ గన్ బుద్ధిగా తన చోటికి వచ్చేసింది. తెల్లగీత అటు వాలి, పాత ఫొటోల్లోని ఒక దళం గుర్తుతో సరిగ్గా కలిసింది.

పెద్దసారు సెలవు కాగితం మీద సంతకం గీకారు. "ఈ సెలవు మీ ఆవిడకోయ్. కావాలంటే వెంట నువ్వూ వెళ్లు."

లైటు వేశారు. అప్పుడు చూశాను మా ఆయన్ని. చొక్కా ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి. పొద్దుట్నుంచీ గుండీలన్నీ ఒక కాజా తప్పి ఉన్నాయి!

"ఇటు రండి," అన్నాను.

పెద్దసారు గబగబా తెరవైపు తిరిగిపోయారు. అక్కడ సిపాయి ఇంకా ఆఖరి గుండీ దగ్గరే ఉన్నాడు. అతనికంటే నేనే ముందు పూర్తిచేశాను. మాకు రైలుంది మరి.