మొదటి రోజే చెప్పింది

హైదరాబాద్ నుంచి వచ్చిన రిపోర్టులో దవడ ఎముక క్యాన్సర్ అని రాసి ఉంది. కాశిబుగ్గలో పన్నెండేళ్లుగా పళ్ల దవాఖాన నడుపుతున్న ఓంకార్ దాన్ని రెండుసార్లు చదివాడు. తల ఎత్తబుద్ధి కాలేదు. ఎదురుగా సరోజన, పక్కన ఆమె భర్త సాంబమూర్తి కూర్చున్నారు.

"తప్పు నాదే సారూ," అంది సరోజన. వాచిన దవడతో మాట ముద్దగా వస్తోంది. "మగ్గం పోగులు పళ్లతోని కొరకొద్దని మీరు చెప్పిన్రు. నేనే ఇనకపోతి."

"నెత్తీ నోరూ కొట్టుకున్న సారూ," సాంబమూర్తి అందుకున్నాడు. "కత్తెర చేతికిచ్చినా ముట్టకపాయె."

నాలుగు నెలల కిందట ఆ మాట అన్నది ఓంకారే. మగ్గం మీద జంపఖానాలు నేసేవాళ్లు దారాన్ని పంటితో తెంపడం, పళ్లు అరగదీసుకోవడం ఆయన రోజూ చూసేదే. పన్ను కదులుతోందని ఆమె అనగానే ఇదీ పోగులు కొరకడం వల్లే అనుకున్నాడు. ఆ ఒక్క పంటికే చిన్న ఎక్స్‌రే తీసి, పీకేశాడు. గాయం మానలేదు. చీముకు మూడుసార్లు మాత్రలు రాశాడు. పక్క పన్నూ పీకాడు. దవడ ఉబ్బాక గానీ హైదరాబాద్ పంపలేదు. మొదట్లో ఈ రోగం పంటి చీములాగే ఉంటుంది, ఎంతటి డాక్టరైనా పొరబడతాడు. అలా సర్దిచెప్పుకోవచ్చు. కానీ మొదటి రోజే, ఇంకా మత్తు సూది వేయకముందే, "గడ్డం మీద చెయ్యి పెడితే తెలుస్తలేదు సారూ" అని ఆమె చెప్పింది. పుచ్చని పన్ను కదిలి, గడ్డం మొద్దుబారితే ఎముకను అనుమానించాలని కాలేజీలో ఎన్నిసార్లు చెప్పారో! ఆయన నవ్వేసి, పోగులు కొరకడం మానెయ్యమన్నాడు. ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇది పోగులతోని రాలేదమ్మా," అన్నాడు చివరికి. "గడ్డం తెలుస్తలేదని నువ్వు మొదటి రోజే చెప్పినవ్. నేనే పట్టించుకోలే. అప్పుడే పంపాల్సింది. తప్పు నాది."

సాంబమూర్తి భార్య వైపు తిరిగాడు.

"గిన్ని దినాలు నిన్నే తిట్టిన గదనే," అన్నాడు.

సరోజన కొంగుతో మూతి తుడుచుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే ఓంకార్‌కు భరించరానిదైంది.

"బయట మా గల్లీవాళ్లు కూసున్నరు సారూ. నా చేతులార తెచ్చుకున్ననని ఇంటింటికీ చెప్తున్నరు. గీ మాట జర వాళ్లకు గూడ చెప్పుండ్రి."

బయట ఉన్నవాళ్లంతా ఆయన పేషెంట్లే. ఓంకార్ రిపోర్టు పట్టుకుని లేచి వెళ్లి తలుపు తీశాడు.