సంపూర్ణమ్మ వేలిముద్ర

కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది. సిగ్గు మాత్రం యాభై రెండో ఏట వచ్చింది, అదీ మున్సిపల్ ఆఫీసు హాల్లో, నిండు సభలో. నిండు సభ అన్నానుగానీ అక్కడున్నవాళ్లెవరికీ ఏమీ తెలియదు. తెలిసింది ఇద్దరికే, నాకూ సంపూర్ణమ్మకూ.

నా పేరు వెంకటప్పయ్య. ఉయ్యూరుకు ఇవతల, మా ఊరి బజారు నడిబొడ్డున సాయిశ్రీ టిఫిన్స్ నాదే. సాయిశ్రీ మా అమ్మాయి. మా బజారు ఎంత ఇరుకంటే, ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టరు ఒకటి అడ్డం తిరిగిందంటే విజయవాడ బస్సు ముప్పావుగంట ఆగాల్సిందే. ఆగిన బస్సులోంచి జనం దిగుతారు. దిగినవాళ్లు ఊరికే నిలబడరుగా, పెసరట్టు తింటారు. ఊరంతా ఆ ట్రాఫిక్‌ను తిట్టుకునేది. నేను మాత్రం పొద్దున్నే దానికి దండం పెట్టుకునేవాణ్ణి.

అలాంటిది, మున్సిపాలిటీ వాళ్లు ఊరి బయటినుంచి, కాలవ కట్ట పక్కగా కొత్త రోడ్డు వేస్తామన్నారు. ట్రాక్టర్లూ బస్సులూ ఇక అటే పోతాయట. కౌన్సిల్లో తీర్మానం అయిపోయిందట, పైనుంచి నిధులు కూడా వస్తున్నాయట. నాకు ఒళ్లు మండిపోయింది. “రోడ్డంట రోడ్డు! బజారును చంపేసి ఎవడికోసమయ్యా ఆ రోడ్డు?” అని వచ్చినవాడి మీదా పోయినవాడి మీదా అరిచాను. ఇంకాస్త చట్నీ అడిగినవాడి మీద కూడా అరిచాను.

మా వర్తక సంఘం ప్రెసిడెంటు సిద్ధార్థ, మందుల షాపు నడిపే కుర్రాడు. నాలాగా అరవడు. ఒకరోజు రోడ్డు ప్లాను తెచ్చి నా గల్లాపెట్టె మీద పరిచాడు.

“బాబాయ్, మనం వంద అర్జీలు పెట్టినా బుట్టలో పడేస్తారు. ఇదిగో ఇక్కడ చూడు. కాలవ మీద కొత్త వంతెన దిగేచోట అయిదు సెంట్ల స్థలం. ఆ స్థలం వాళ్లు ‘మేం ఇవ్వం’ అని రాసిస్తే చాలు. స్థలం తగాదాలో ఉంటే నిధులియ్యరు. ఈ నెలాఖరు దాటిందా, ఇంకో ఊరికి పోతాయి.”

“ఎవరిదిరా ఆ స్థలం?”

“కాలవ అవతల పేటలో సంపూర్ణమ్మ గారిది.”

ఆ పేరు నాకు కొత్తది కాదు.

సంపూర్ణమ్మ భర్త అంతోని. ఒకప్పుడు చెరుకు నరికే ముఠాకు మేస్త్రీ. షుగరొచ్చి ముందు చూపు పోయింది, తర్వాత కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు ఆమె ఆయన్ని ఆటోలో విజయవాడ గవర్నర్‌పేట ఆస్పత్రికి డయాలసిస్‌కు తీసుకుపోతుంది. ఎనిమిదింటికల్లా మిషను దగ్గరుండాలి. ఆలస్యమైతే వెనక ఇంకొకరి వంతుంటుంది కాబట్టి, నాలుగు గంటలు తిప్పాల్సిన మిషను రెండున్నర గంటల్లోనే ఆపేస్తారు. అలాంటప్పుడు మనిషి ఒళ్లంతా నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక, కూర్చునే ఉంటాడు. ఆ ఆలస్యం ఎక్కడవుతుందో వేరే చెప్పాలా? సరిగ్గా నా హోటలు ముందే.

ఆయనకు ఉప్పు పనికిరాదు. అందుకని ఆ మూడు రోజులూ ఉప్పు కలపకముందే కాస్త పిండి విడిగా తీసి, నాలుగు ఇడ్లీలు వేసి, ఆటో ఆగగానే పొట్లం ఆమె చేతికిచ్చేవాణ్ణి. నాలుగేళ్లుగా ఇస్తున్నాను. అది తలుచుకుని నా అంత మంచివాడు లేడని లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

ఆమెను ఒప్పించి ముద్ర వేయిస్తానని చెప్పి, సిద్ధార్థ టైపు చేయించిన కాగితమూ ఇంకు డబ్బా పట్టుకుని ఒక సాయంత్రం ఒక్కణ్ణే వెళ్లాను. ఆ అయిదు సెంట్లలోనే ఆమె గోంగూర కోస్తోంది.

“అక్కా, కొత్త రోడ్డు కాగితం. నీ వేలిముద్ర కావాలి.”

ఆమె చెయ్యి చెంగుకు తుడుచుకుంది. “ఇది రోడ్డు కోసమేనా తమ్ముడూ?”

“అవునక్కా.”

“స్థలం ఇస్తున్నామనేగా?”

“అవునంటున్నానుగా, వెయ్యి!” అని కసిరాను. తప్పుడు పని చేసేటప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది.

వేసింది. “నువ్వు పూనుకున్నావు గాబట్టి పడుద్దిలే రోడ్డు. మీ బావ ఆ ఆటోలో పడే అవస్థ చూడలేక చస్తన్నా” అని కట్ట గోంగూర నా చేతిలో పెట్టింది. వద్దనలేదు. ఇంటికి తీసుకుపోయాను, మా ఆవిడ పచ్చడి చేసింది, తిన్నాను.

నెలాఖరుకు రెండు రోజుల ముందు మున్సిపల్ హాల్లో విచారణ పెట్టారు. కమిషనర్ ఒక్కో కాగితం చదువుతూ పక్కన పెడుతున్నాడు. సిద్ధార్థ చెప్పినట్టే బజారు వాళ్ల అర్జీలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత సంపూర్ణమ్మను పిలిచాడు.

“అమ్మా, రోడ్డుకు మీ స్థలం ఇవ్వనని రాసిచ్చారు. ఎందుకు?”

“నేనా? నేనివ్వననడమేంది బాబూ! తీసుకోండి. ఇవాళే తీసుకోండి.”

“ఈ వేలిముద్ర మీది కాదా?”

ఆమె దగ్గరికెళ్లి కాగితం చూసింది. అక్షరాలు రాకపోయినా కాగితాన్ని గుర్తుపట్టింది. వెనక్కి తిరిగి చూసింది. నేను మూడో వరసలో ఉన్నాను. ఆ చూపు నా మీద ఆగింది.

“ముద్ర నాదే. కానీ ఇప్పుడిస్తానంటున్నాగా?”

“అలా మాట మారిస్తే కుదరదమ్మా, ఇది రికార్డుకెక్కింది. మళ్లీ కొత్త కాగితాలు పైకి వెళ్లేలోపు నెలాఖరు దాటిపోతుంది. ఎవరైనా మిమ్మల్ని మోసం చేసి వేయించారా? అదొక్కటి చెప్పండి, ఈ కాగితం కొట్టేస్తాను. రోడ్డు ఆగదు.”

“కొట్టేసి, ఆ మనిషినేం చేస్తారు?”

“ఏం చేస్తాం, కేసు పెడతాం. జైలుకు పోతాడు.”

నేను లేవాలి. లేచి ‘నేనేనండీ’ అనాలి, అంతే. బజారంతా దద్దరిల్లేలా అరిచే గొంతు నాది. ఆ పూట లేవలేదు. ముందు కుర్చీ వీపు పట్టుకుని, నా చెప్పుల కేసి చూస్తూ కూర్చున్నాను. థూ, ఏం బతుకు నాది!

“ఎవరూ లేరు బాబూ,” అంది సంపూర్ణమ్మ. “నాకు తెలిసే వేశా.”

కమిషనర్ ఏదో రాసుకుని ఫైలు మూసేశాడు. సిద్ధార్థ నా తొడ మీద చరిచాడు, గెలిచామని.

బయట మెట్ల దగ్గర ఆమెను పట్టుకున్నాను. “అక్కా, ఎందుకట్లా చెప్పావు?”

“నాలుగేళ్లు నా మొగుడికి తిండి పెట్టినోణ్ణి జైల్లో ఎట్టా పెట్టించమంటావు?” ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. “ఒకటే అడుగుతా. నేను రెండుసార్లు అడిగానే ఆ రోజు. రెండుసార్లూ నా మొహం చూసే చెప్పావే. ఎట్టా చెప్పావు తమ్ముడూ?”

నేను పక్కకు తప్పుకుని ఆమెకు దారిచ్చాను.

“మీ బావకు తెలీదు. తెలియనీకు. ఇక ఇడ్లీలు వద్దులే” అని వెళ్లిపోయింది.

నిధులు ఇంకో ఊరికి పోయాయి. తర్వాతి బుధవారం పొద్దున, వద్దందని తెలిసి కూడా పిండి విడిగా తీశాను. ఆరున్నరకు చెరుకు ట్రాక్టరు అడ్డం పడింది. వాళ్ల ఆటో నా పొయ్యి ఎదురుగానే ఆగింది. పొట్లం పట్టుకుని దగ్గరికెళ్లాను. సంపూర్ణమ్మ నన్ను చూసి, వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

అంతోని గారు ఉబ్బిన మొహం ఇటు తిప్పారు. “అప్పయ్య ఇడ్లీలు తేలేదేంది?”

“ఇవాళ హోటలు తియ్యలేదయ్యా.”

“వాసనొస్తుంది గదే.”

“పక్క కొట్టుది.”

“పాపం, ఒంట్లో బాలేదేమో. మన రోడ్డు కోసం ఎంత తిరిగాడో! తిరిగొచ్చేటప్పుడు ఒకసారి పలకరిద్దాం.”

“అట్టాగే” అంది, నా వైపు చూడకుండా.

చెయ్యి చాపితే ఆయన భుజం తగిలేంత దూరంలో ఉన్నాను. ఇంతలో లోపల్నుంచి ఎవరో, “ఏమండోయ్ వెంకటప్పయ్య గారూ! రెండు పెసరట్టన్నాం, ఎంతసేపు?” అని కేకేశారు.

అంతోని గారు ఉలిక్కిపడ్డారు. చూపు లేని కళ్లు సరిగ్గా నా మీదికే తిరిగాయి.

“అప్పయ్యా,” అన్నారు, “ఉన్నావా?”

సంపూర్ణమ్మ తల వంచుకుంది. నేను పలకలేదు. ట్రాక్టరు కదలడానికి ఇంకో అరగంట పట్టింది.