పిట్ట ముట్టని విస్తరి

లండన్ శివారు స్టాన్‌మోర్‌లో ఆ ఆదివారం ఉదయం నాగేశ్వరి ఫ్రీజర్ తెరిచి, లోపల ఉన్న కోడిమాంసం పొట్లాలన్నీ తీసి చెత్తబుట్టలో పడేసింది. 2017 జనవరి నెల. ఆమె భర్త పోయి ఆ రోజుకు ఏడాది. బతికున్నన్నాళ్లూ ఆయనకు కోడికూర లేని ఆదివారం ఆదివారమే కాదు. పోయినవాళ్లకు ఇష్టమైనది వండి విస్తట్లో పెట్టి పిట్టలకు పెట్టడం వాళ్ల ఆచారం. పిట్ట వచ్చి ముడితే ఆయన తృప్తి పడ్డట్టు. అలాంటి రోజున ఆయన కూరను ఆయన భార్యే చెత్తలో వేసింది.

కారణం ఆమె ఫోన్‌లో ఉంది. ముందురోజు కరీంనగర్ బంధువుల గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. లండన్‌కు బర్డ్ ఫ్లూ వచ్చేసిందనీ, కోడిమాంసం తింటే చావు తప్పదనీ, కోడి దుకాణాల్లో పనిచేసేవాళ్లను ఇళ్లలోకి రానివ్వొద్దనీ అందులో రాసి ఉంది. నాగేశ్వరి చదువు నేర్చింది మనవలు పుట్టే వయసులో. రాత్రిబడిలో కూర్చుని, వేళ్లు నొప్పి పుట్టేలా దిద్ది సంపాదించిన అక్షరాలు అవి. అందుకే నోటిమాటను అనుమానించేది గానీ, రాసిన మాటను ఎన్నడూ అనుమానించలేదు. ఆ మెసేజ్‌ను కూడబలుక్కుని నాలుగుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ భయం పెరిగింది.

ఎందుకంటే మేడమీది గదిలో పుష్పలీల దగ్గుతోంది.

పుష్పలీల నల్లగొండ పిల్ల. ఎం.ఎస్. చదువుతూ వాళ్లింట్లో పైగది అద్దెకు తీసుకుంది. శని, ఆదివారాల్లో వేయించిన కోడి అమ్మే ఒక టేక్‌అవే దుకాణంలో పని. రెండు రోజులుగా జ్వరం.

"మధూ, ఆ పిల్ల గ్లాసు వేరే పెట్టినవా?" నాగేశ్వరి అడిగింది. అప్పటికే తలుపు పిడులన్నీ డెట్టాల్‌తో రెండుసార్లు తుడిచింది. మళ్లీ గుడ్డ తడుపుతోంది.

"పెట్టిన అత్తమ్మా. తలుపు పక్కన." కోడలు మధులిక ఆఫీసుల్లో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఆమెకూ ఆ మెసేజ్ మీద పూర్తి నమ్మకం లేదు. కానీ కాదని చెప్పే ధైర్యమూ లేదు. "నాకైతే భయం లేదు. డాక్టర్ దగ్గరికి పోయి ఫ్లూ టీకా ఏపిచ్చుకున్న. మీకే ఏమన్నయితదేమోనని..."

"అందుకే ఆ పిల్లను సాయంత్రంలోపల పొమ్మని చెప్పిన. నా కొడుక్కు చెప్పకు. సుహాస్ బ్రాక్‌నెల్ల పని చూసుకొని వచ్చేలోపు గది కడిగేస్త."

పాఠకులారా, ఆ చలికాలం ఇంగ్లండ్‌లో కొన్నిచోట్ల ఫారం కోళ్లకూ, అడవి పక్షులకూ ఆ జబ్బు వచ్చిన మాట నిజమే. కోళ్లు పెంచేవాళ్లు వాటిని లోపలే ఉంచాలని ప్రభుత్వం చెప్పింది కూడా. కానీ నిజం పిసరంత ఉన్నచోటే అబద్ధం హాయిగా కాపురం పెడుతుంది.

పుష్పలీల మెట్లు దిగి వచ్చింది. శాలువా కప్పుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, హౌన్స్‌లో ఏరియాల ఉండే మా ఫ్రెండ్స్‌కు ఫోన్ చేసిన. వాళ్లకు గూడ గదే మెసేజ్ పోయిందంట. రావొద్దన్నరు. బుధవారం దాంక ఉండనియ్యిరి. ఈ జ్వరంతోటి ఈ చలిల ఏడికి పోవాలె?"

"అక్కడనే నిలబడు బిడ్డా, దగ్గరికి రాకు." నాగేశ్వరి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "నీ మీద కోపమేం లేదు. కోళ్ల దగ్గర పనిచేస్తివి. రోగం తెచ్చుకుంటివి. నేనేం జెయ్యాలె?"

"కోళ్ల దగ్గర కాదాంటీ, నూనె మూకుడు దగ్గర. నేను బతికున్న కోడిని చూసి సంవత్సరం దాటింది. మా క్లాసుల సగం మంది జ్వరంతోటే ఉన్నరు."

"సగం మందికా!" నాగేశ్వరి రెండడుగులు వెనక్కి వేసింది.

పుష్పలీల వెనక్కి తిరిగింది. పైకి వెళ్లింది. కాసేపటికి సూట్‌కేసు జిప్ లాగిన చప్పుడు కిందికి వినిపించింది.

మధ్యాహ్నానికి నాగేశ్వరి అన్నం, పప్పు, వంకాయ కూర, గారెలు విస్తట్లో వడ్డించి పెరట్లో పెట్టింది. దూరంగా జరిగి నిలబడింది. చలిగాలికి చీర కుచ్చిళ్లు కొట్టుకుంటున్నాయి. కంచె మీదికి ఒక కాకి వచ్చింది. చూసింది. ఎగిరిపోయింది. మరొకటి చెట్టు దిగనే లేదు. ఆమె లోపలికి పోయింది, బయటికి వచ్చింది, మళ్లీ లోపలికి పోయింది. గారెలు చల్లబడి గట్టిపడ్డాయి.

"కోడికూర పెట్టలేదని అలిగిండు," అని గొణుక్కుంది. "ముడుతలేడు."

అప్పుడే కంచె మొదట్లో ఏదో నల్లగా కదిలింది. ఒక కాకి. మెడ ఒకపక్కకు వాలిపోయి ఉంది. రెక్క విదిలించబోయి పక్కకు పడిపోయింది. నాగేశ్వరి ఆయనే వచ్చాడనుకుంది. తినడానికి ఓపిక లేక పడిపోయాడనుకుంది. పరుగెత్తి వెళ్లి రెండు చేతులతో దాన్ని ఎత్తుకుంది. ఒడిలో పెట్టుకుని, వేలితో దాని ముక్కు తెరిచి నీళ్లచుక్క వేసింది. కారిన సొంగను కొంగుతో తుడిచింది.

"చెల్లే! దించు! దాన్ని కింద పెట్టు ముందు!"

భోజనానికి పిలిచిన గోపాల్‌రావు పక్కగేటు దగ్గర నిలబడి కేకవేశాడు. ఆయన జగిత్యాలలో పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరై, పక్కవీధిలో కూతురింట్లో ఉంటున్నాడు. ఆయన గొంతు అంత పెద్దగా ఎవరూ ఎన్నడూ వినలేదు. మధులిక కూడా బయటికి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందన్నా? పాణం పోతున్నది పాపం..."

"పాపమే. కానీ రోగమొచ్చిన పిట్టను వట్టి చేతులతోటి ముట్టొద్దు. నడువు, సబ్బుతోటి మోచేతుల దాంక కడుక్కో. మొఖం ముట్టుకోకు. చీర మార్చుకో, దాన్ని వేరేగ వేడినీళ్లల్ల ఉతుకు."

"దీనికి గా బర్డ్ ఫ్లూ ఉందా?"

"నాకెట్ల తెలుస్తది? చలికి గావచ్చు, పిల్లి కొట్టి ఉండొచ్చు. తెలువదు గనుకనే ముట్టొద్దంటున్న. ఈ రోగం మనుషులకు వచ్చుడు చాలా అరుదు. వస్తే గిట్లనే వస్తది, రోగమున్న పిట్టతోటి, దాని రెట్టతోటి." ఆయన వంటింటివైపు ముక్కు ఎగపీల్చాడు. "అదేంది, ఇవాళ బావకు కోడికూర లేదా? వాసనే వస్తలేదు."

"మొత్తం పడేసిన. తింటే సస్తరని రాసిండ్రు."

"ఎవరు రాసిండ్రు?"

నాగేశ్వరి ఆ మెసేజ్‌ను తలుచుకుంది. నాలుగుసార్లు చదివింది. కింద ఎవరి పేరూ లేదు.

"మంచిగ ఉడికిన మాంసంల, గుడ్డుల ఆ పురుగు బతకదు చెల్లే. కోడికూరేమో చెత్తల, కాకేమో ఒళ్ల! మంచిగనే ఉన్నది మీ జాగ్రత్త."

"అంకుల్, నేను ఫ్లూ టీకా ఏపిచ్చుకున్న గదా..." మధులిక మెల్లగా అడిగింది.

"అది చలికాలంల మనుషులకొచ్చే ఫ్లూకు బిడ్డా. దీనికి గాదు. ఏపిచ్చుకునుడు మంచిదే, కానీ దేనికి ఏపిచ్చుకున్నమో తెలిసుండాలె."

నాగేశ్వరి చేతులు కడుక్కుని, చీర మార్చుకుని వంటింట్లోకి వచ్చింది. నీళ్లు తాగుదామని గ్లాసు కోసం చెయ్యి చాపింది. అంతకుముందే మధులిక ఆమె గ్లాసును తీసి తలుపు పక్కన, పుష్పలీల గ్లాసు పక్కన పెట్టింది. కావాలని చేసింది కాదు. భయం ఆమె చేత ఆ పని చేయించింది. అత్త చూపు పడగానే కోడలు తల వంచుకుంది.

ఆ రెండు గ్లాసులనూ చూసి నాగేశ్వరి గోపాల్‌రావు వైపు తిరిగింది.

"అన్నా, పిట్టను ముట్టింది నేను. మరి సాయంత్రం లోపల నేను ఏడికి పోవాలె?"

"ఎందుకు పోవాలె? పది రోజులు ఒంటి మీద కన్ను పెట్టు. జ్వరమొస్తే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి, పిట్టను ముట్టిన సంగతి చెప్పు. అంతే. రోగమొస్తే మనిషిని ఇంట్ల ఉంచుకుని చూసుకుంటరు గానీ, బయటికి పంపుతరా?"

ఆ మాట ఆయన పుష్పలీల సంగతి తెలిసి అన్నది కాదు. అయినా తగలవలసిన చోటే తగిలింది.

సూట్‌కేసు మెట్ల మీద దడదడమంటూ దిగుతోంది. నాగేశ్వరి మెట్ల కింద అడ్డంగా నిలబడింది.

"సామాను పైకి తీస్కపో బిడ్డా."

పుష్పలీల ఆగింది. "ఎందుకాంటీ? ఇంకో మెసేజ్ వచ్చిందా?"

ఆ ఎత్తిపొడుపుకు నాగేశ్వరి తల వంచింది. "రాలే. నాకు బుద్ధి వచ్చింది. నీది మీ క్లాసోళ్లకు వచ్చిన మామూలు జ్వరమే. మిరియాల చారు పెడుత, తాగి పండుకో. తప్పయింది."

ఆ పిల్ల వెంటనే కరగలేదు. సూట్‌కేసు పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. మధులిక వెళ్లి సూట్‌కేసు అందుకుంది.

సాయంత్రానికి కాకి చనిపోయింది. మధులిక ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. ఒక్క కాకే అయితే పరీక్షకు తీసుకువెళ్లరనీ, గ్లవ్స్ వేసుకుని రెండు సంచుల్లో చుట్టి చెత్తడబ్బాలో వేయమనీ చెప్పారు. దానికి ఏ జబ్బో ఎవరికీ తెలియదు. తరువాత కొత్తగా కోడిమాంసం తెచ్చి వండారు. విస్తట్లో కూర పెట్టారు. చీకటి పడేదాకా ఏ పిట్టా ముట్టలేదు. నాగేశ్వరి దానికోసం ఈసారి బయటికి లోపలికి తిరగలేదు. పైగదిలోకి గిన్నె పట్టుకుని వెళ్లి, ఆ పిల్ల రెండు ముద్దలు తినేదాకా గుమ్మంలో నిలబడింది.

ఆమె గ్రూపులో వచ్చినవి చదవడమే గానీ ఏనాడూ రాసి ఎరగదు. ఆ రోజు కళ్లజోడు పెట్టుకుని, ఒక్క వేలితో, అక్షరం వెతికి అక్షరం కొట్టి ఇలా రాసింది:

"మంచిగ ఉడికిన కోడికూర తింటే ఈ రోగం రాదు. జబ్బు పడ్డ పిట్టను, చచ్చిన పిట్టను ఉత్త చేతులతోటి ముట్టొద్దు. జ్వరమొచ్చిన మనిషిని ఇంట్లకెళ్లి ఎల్లగొట్టొద్దు. నిన్న వచ్చిన మెసేజ్ కింద పేరు లేకుండె. నేను నా పేరు పెడుతున్న, తప్పయితే నన్ను అడుగుండ్రి. నాగేశ్వరి."