బలుపును చూసి వాపనుకున్నవాడు

వాపును చూసి బలుపనుకునేవాళ్లను నా ఉల్లిపాయల గోదాములో రోజూ చూస్తుంటాను. తేమకు ఉబ్బిన గడ్డను చేతిలోకి తీసుకుని, సరుకు దిట్టంగా ఉందని మురిసిపోతారు. ముందు వాళ్లకే అమ్ముతాను. బలుపును చూసి వాపని బెదిరిపోయినవాణ్ని మాత్రం ఒక్కణ్నే చూశాను. వాడు నా తోడబుట్టిన తమ్ముడు.

వాడు మొదట అద్దాలు అమ్మాడు, తర్వాత చేపల తొట్లు, ఆ తర్వాత నీళ్లు వడకట్టే యంత్రాలు. ఏదీ నిలవలేదు. చివరికి రోగనిరోధక శక్తిని పెంచే పొడి అన్నాడు. అందులో ఏముందని అడిగితే ప్రకృతి అన్నాడు. ప్రకృతి నా గోదాములోనూ ఉంది. కుళ్లినప్పుడు పారబోయడానికి మనిషిని పెట్టుకున్నాను.

మా అక్కకు కుడి ముంజేతి మీద గడ్డ లేచింది. క్యాన్సర్ అన్నారు. రెండుసార్లు కోసి తీశారు, రెండుసార్లూ మళ్లీ వచ్చింది. అక్క బడిపిల్లలకు యూనిఫారాలు కుడుతుంది. కత్తెర పట్టే చెయ్యి అదే. ఇంకా పెరిగితే మోచేతి పైదాకా తీసేయాలన్నారు. ఈలోగా ఒక కొత్త చికిత్సను పరీక్షిస్తున్నాం, ఇష్టమైతే చేరమన్నారు. దాని పేరు కోల్డ్ ప్లాస్మా.

నేనూ వెంట వెళ్లాను. పెన్ను లాంటి గొట్టం, దాని కొసన ఊదారంగు మంట. వాయువులోకి కరెంటు పంపితే వచ్చే వెలుగట. వేలు పెట్టి చూశాను, కాలలేదు. వేలినే కాల్చలేని మంట క్యాన్సర్‌ను కాలుస్తుందట. నా మొహం చూసి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఇది కాల్చదు, కొన్ని రోగకణాలను దెబ్బతీసి చంపుతుంది. అవి చస్తున్నప్పుడు ఒంట్లోని కాపలా కణాలకు కబురు చేరి, ఇన్నాళ్లూ నిద్రపోయినవి లేచి మిగతా రోగం పని పడతాయని ఆశ. ఖాయమేనా అంటే కాదంది. పూచీ లేదని ముందే చెప్పి బేరం మొదలుపెట్టే దుకాణం నేనెక్కడా చూడలేదు. అయితే తమ్ముడి దుకాణంలో అన్నింటికీ పూచీ ఉంది. అది గుర్తొచ్చి, ఇదే నయమనుకున్నాను.

కొన్ని విడతలకు గడ్డ కాస్త మెత్తబడింది. తమ్ముడి మొహం చూసి అక్క వాడి పొడి కూడా నీళ్లలో కలుపుకుని తాగుతోంది. వాడికి ఆ మాత్రం చాలు. దుకాణం ముందు పెద్ద గుడ్డ బ్యానరు కట్టించాడు. పైన అక్క బొమ్మ, పక్కన పొడి డబ్బా, కింద ‘యంత్రం లేదు, మంట లేదు, అంతా మా పొడే’ అన్న మాట. ఆ మాట నిజం కావాలంటే అక్క ఆస్పత్రికి పోవడం మానాలి. సిగ్గు లేకుండా మానమనే అడిగాడు.

అమ్మ పోయాక వాణ్ని చంకనేసుకుని పెంచింది అక్కే. పెట్టుబడి పెట్టినవాళ్లకు, సరుకు పుచ్చిందని తెలిసినా పారేయబుద్ధి కాదు.

“ఈసారైనా నిలదొక్కుకుంటాడేమోరా,” అంది నాతో.

“వాడు నిలబడ్డానికి నీ చెయ్యేమన్నా ఊతకర్రా అక్కా?”

అక్క వచ్చే విడతకు వెళ్లనంది.

ఆ వారమే చెయ్యి వాచింది. గడ్డ ఎర్రబడి రెట్టింపయింది, ముట్టుకుంటే వేడి. అక్క కంగారుపడి నేరుగా తమ్ముడి దుకాణానికే నడిచింది, వెనకాలే నేను. లోపల కొనేవాళ్లు నిండుగా ఉన్నారు. తమ్ముడు ఆ చేతిని చూశాడు, కొనేవాళ్ల మొహాలు చూశాడు. ఇలాంటప్పుడు వాడి బుర్ర మహా చురుకు.

“ఇది మా పొడి వల్ల కాదండీ,” అన్నాడు అందరికీ వినబడేలా. “ఈవిడ మా పొడి సరిగ్గా వాడనే లేదు. ఈ చేతికి జరిగిందంతా ఆ ఆస్పత్రి మంట పనే.”

ఈవిడ. అక్క ఆ మాట దగ్గరే ఆగిపోయింది. వాడు నిచ్చెన వేసుకుని బ్యానరు విప్పుతుంటే కాసేపు చూసి, ఆస్పత్రికి పదమంది.

డాక్టరమ్మ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. రోగం పెరిగినా ఇలాగే వాస్తుందట, కాపలా కణాలు గుంపుగా వచ్చి పడినా ఇలాగే వాస్తుందట. పైపైన చూసి చెప్పలేనని, ముక్క తీసి పరీక్షకు పంపింది. ఆమె మీద నాకు మొదటిసారి గురి కుదిరింది. కోసి చూడకుండా లోపలి సంగతి చెప్పేవాణ్ని మా మార్కెట్లో ఎవరూ నమ్మరు. ఫలితం వచ్చేదాకా అక్క ఎడమచేత్తో కత్తెర పట్టడం నేర్చుకుంటూ కూర్చుంది. కత్తిరించినవన్నీ వంకరటింకరే.

ముక్క నిండా ఒంటి కాపలా కణాలే ఉన్నాయని ఫలితం వచ్చింది. విడతలు కొనసాగాయి. వాపు తీసింది, దాంతోపాటే గడ్డా చిక్కి చిక్కి మచ్చగా మిగిలింది. పూర్తిగా నయమైందని డాక్టరమ్మ ఇప్పటికీ అనదు, కనిపెట్టుకుని ఉండాలంటుంది. చెయ్యి తీసేసే మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

అప్పుడు దిగాడు తమ్ముడు, చంకలో బ్యానరుతో. ఎంతైనా పొడి కూడా తాగింది కాబట్టి, అక్క ఊ అంటే మళ్లీ కట్టిస్తాడట.

“అమ్మేసుకున్నావు కదరా,” అన్నాను. “ధర లేచే ముందురోజు నలుగురి ముందూ అమ్మేసుకున్నావు. అంతా మంట పనేనన్నావు. ఇంక నీ వాటా ఎక్కణ్నుంచి వస్తుంది?”

“నువ్వూరుకో అన్నయ్యా. అక్కను చెప్పనీ.”

అక్క గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసింది. మంచి గుడ్డేనంది. ఒక కొస పట్టుకోమంటే వాడు సంబరంగా పట్టుకున్నాడు. కుడిచేత్తో కత్తెర తీసుకుని, తన బొమ్మ మధ్యనుంచి మొదలుపెట్టి పొడి డబ్బా మీదుగా చివరిదాకా కత్తిరించింది. అంచు గీత గీసినట్టు వచ్చింది.

“జేబుల లోపలికి పనికొస్తుంది,” అంది. “కొస వదలకురా, ఇంకో పట్టీ ఉంది.”