మళ్ళీ మోగిన గోడ ఫోన్లు

పిడుగు పడిన సాయంత్రం నుంచి ఆ భవనంలో గోడ ఫోన్లన్నీ మూగబోయాయి. గేటు దగ్గర మీట నొక్కితే ఏ ఇంట్లోనూ మోగడం లేదు. వచ్చినవాళ్ళు కింద నిలబడి గొంతు చించుకుంటున్నారు.

భవనం కార్యదర్శిని అందరూ అర్జంటుగారు అంటారు. ఆయన మెట్ల దగ్గర అందర్నీ పోగేసి, "ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదట. అన్నీ పీకించేసి కొత్తవి పెట్టిద్దాం. పాతసామాన్ల లారీకి చెప్పేశాను, రేపే వస్తుంది" అన్నాడు.

అందరూ తలూపారు, మూడో అంతస్తు కోడలు తప్ప.

"ఒక్కటి నాకివ్వండి, విప్పి చూస్తాను."

"నువ్వా అమ్మా?"

పెళ్ళికి ముందు ఆమె టీవీల ఫ్యాక్టరీలో బోర్డులకు టంకం వేసేది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు.

"ఎందుకొచ్చిన తంటా? పోతే పోనీ" అన్నాడాయన.

"పోయేది ఎక్కడికో తెలుసా అండీ? మా పుట్టింటి వెనక్కి. రాగి కోసం తీగలు తగలబెడతారక్కడ. గాలి ఇటు తిరిగితే మేం తలుపులు బిగించుకుని కూర్చునేవాళ్ళం. మా బావి నీళ్ళు ఇప్పటికీ ఎవరూ నోట పెట్టరు."

వెనకనుంచి అత్తగారు ముందుకు వచ్చింది.

"లారీని వారం ఆపు బాబూ. ఈలోగా కొంపలేం మునిగిపోవు."

మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి కోడలు ఫోన్ విప్పింది. అత్తగారు భూతద్దం పట్టుకుంది. లోపల గొట్టంలాంటి చిన్న కెపాసిటర్ పైమూత ఉబ్బి ఉంది. బజారు నుంచి కొత్తది తెచ్చి అతికించి, ఫోన్‌ను గోడకు తగిలించి, దాని దగ్గర కోడలి భర్తను ఉంచి, అందరూ గేటు దగ్గరికి దిగారు. మీట నొక్కితే జుయ్‌మని రొద తప్ప మాట రాలేదు.

"నే చెప్పలా?" అన్నాడు అర్జంటుగారు.

కోడలి ముఖం చిన్నబోయింది.

"నొక్కగానే మాట్లాడెయ్యడానికి అదేమన్నా నువ్వా నాయనా?" అంది అత్తగారు. అందరూ గొల్లుమన్నారు. ఆయనా నవ్వేశాడు.

కోడలు మళ్ళీ విప్పింది. కిటికీ వెలుతురులో బోర్డును అటూ ఇటూ తిప్పి చూస్తే, ఒక టంకం చుక్క చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించింది. దాన్ని కరిగించి సరిచేసింది. ఈసారి అత్తగారే కిందికి వెళ్ళి మీట నొక్కింది.

"ఎవరండీ?" గేటు దగ్గరి స్పీకర్లోంచి కొడుకు గొంతు ఖంగుమంది.

"నీ తల్లినిరా! నీ పెళ్ళాం గెలిచింది!"

ఇక ఆ ఇంటికి జనం క్యూ కట్టారు. కింది అంతస్తు దర్జీ మరలు విప్పాడు. అర్జంటుగారు ఏ ఫోన్ ఏ ఇంటిదో చీటీలు అంటించి మోశాడు. ఒక ఫోన్ బోర్డు మాత్రం మాడి బొగ్గయింది.

"ఇది నావల్ల కాదు" అని కోడలు ఒప్పేసుకుంది. దాని స్పీకరూ మీటలూ తీసి వేరేవాటికి వేసింది. ఆ ఒక్క ఇంటికే వేరే మోడల్‌ది కొత్తగా కొన్నారు. మాడిన బోర్డును కాల్చకుండా లోహం వేరుచేసే కేంద్రానికి పంపించారు.

లారీ వచ్చిన రోజు డ్రైవరు అటూ ఇటూ చూసి, "సామానేదండీ?" అన్నాడు.

"గోడల మీద మోగుతోంది" అన్నాడు అర్జంటుగారు, తనే బాగుచేసినంత దర్జాగా. లారీ ఖాళీగా వెళ్ళిపోతుంటే కోడలు బాల్కనీలోంచి మలుపుదాకా చూసింది. ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుంది.

అత్తగారికి టంకం కడ్డీ పట్టడం నేర్పింది కూడా ఆ వారంలోనే. మొదటి చుక్క జారి దుప్పటి కాలింది, రెండోది వేలు చురుక్కుమనిపించింది. చివరి ఫోన్‌కు మాత్రం అత్తగారు పెట్టిన చుక్క గుండ్రంగా, తళతళలాడుతూ కుదిరింది. కోడలు భూతద్దంలో చూసి, "ఫ్యాక్టరీలో నేను నెలల తరబడి వేస్తే గానీ ఇలా రాలేదు అత్తయ్యా" అంది. ఆవిడ ఆ బోర్డును వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

తర్వాత ఎదురు భవనం నుంచి ఒకావిడ పాడైన రేడియో చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇక్కడ ఫోన్లు బాగుచేసే ఆవిడ ఎవరండీ?"

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇద్దరున్నాం. ఎవరు కావాలి?"