ద్రాక్షతోట చూపిన మనిషి

సుబ్బరత్నం మజ్జిగ చిలుకుతుంటే భర్త వెంకటకృష్ణారావు గుమ్మంలోకి వచ్చి, పామర్రు రైతులు తోట చూడ్డానికి వస్తున్నారనీ, తనే అంతా తిప్పి చూపిస్తాననీ, మగవాళ్ళ మాటల్లోకి ఆమె రావద్దనీ చెప్పి వెళ్ళాడు. తిప్పి చూపించడానికి తోటలో దారులు ఆయనకి తెలుసా అనుకుంది సుబ్బరత్నం.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. మంగళగిరి దగ్గర కొండవాలులో ఆ రెండెకరాల ద్రాక్ష వేసి ఆరేళ్ళయింది. ఆయన బెజవాడలో జవుళి కొట్టు చూసుకుంటూ ఆదివారాలు వచ్చేవాడు. రాళ్ళు ఏరింది, పందిళ్ళు వేయించింది, మొదటి వేసవంతా బిందెలతో నీళ్ళు మోసింది తను. ఏడో నెల కడుపుతోనూ మోసింది. ఆ బిడ్డ దక్కలేదు. "మట్టి పిసుక్కునేదానికి పిల్లలెట్టా నిలుస్తారు?" అంది అత్తగారు. తోట కాపుకొచ్చాక మాత్రం, "మావాడి చెయ్యి మంచిది" అని ఊరంతా చెప్పుకుంది. ఆ రెండు మాటలూ సుబ్బరత్నం మరిచిపోలేదు.

వ్యవసాయశాఖ ఆఫీసరు వెంట పదిమంది వచ్చారు. పందిరి పందిరికీ ఆగుతూ తీరిగ్గా వాలు ఎక్కుతున్నారు. సుబ్బరత్నం మజ్జిగకుండ, గ్లాసులు ఎత్తుకుని వెనకే నడిచింది. పుల్లయ్య అనే పెద్దాయన తన మెరకలో కొత్తగా రెండు వందల తీగలు నాటుకున్నాడట. కొమ్మలు ఎందాకా కోయాలని అడిగాడు.

"మొదలంటా కోసెయ్యండి, మళ్ళీ అవే వస్తాయి" అన్నాడు వెంకటకృష్ణారావు.

సుబ్బరత్నం ఆగిపోయింది. తన కష్టాన్ని ఆయన తనదని చెప్పుకుంటే ఇన్నేళ్ళూ ఊరుకుంది. ఇప్పుడూ ఊరుకుంటే ఈ ముసలాయన తోట ఎండిపోతుంది. కుండ దింపింది.

"అట్టా కొయ్యమాకండి బాబాయిగారూ. మొదటి ఏడు అట్టా కోసి నలభై తీగలు పోగొట్టుకున్నాను. ముదిరిన కొమ్మకి నాలుగు కణుపులు ఉంచి కొయ్యండి."

పందిరి గుంజకి వేలాడుతున్న కత్తి తీసుకుని ఒక కొమ్మ కోసి చూపించింది. మా ఆవిడకి అన్నిట్లోనూ వేలు పెట్టడం అలవాటని భర్త నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. పుల్లయ్య తరవాతి ప్రశ్న ఆమెనే అడిగాడు. ఎరువు ఎప్పుడు వేయాలో, బూజు తెగులుకి ఏం చల్లాలో చెబుతూ, కుండ మళ్ళీ ఎత్తుకుని సుబ్బరత్నం ముందు నడిచింది. రైతులు ఆమె వెనక నడిచారు. భర్త అందరికంటే వెనక మిగిలాడు.

కొండమీద అందరూ ఆగి, ఆమె కూర్చుని మజ్జిగ పోస్తున్నప్పుడు, వచ్చే నెల రెండ్రోజులు పామర్రు వచ్చి కొమ్మల కోత చూపిస్తారా అని ఆఫీసరు ఆమెని అడిగాడు.

జవాబు భర్త చెప్పాడు. "ఆవిడొస్తే మా అమ్మకి వండిపెట్టేదెవరండీ? నేనొస్తాలెండి."

సుబ్బరత్నం పుల్లయ్య గ్లాసులో మజ్జిగ పోసి లేచింది.

"నేనే వస్తానండీ. ఆ రెండ్రోజులూ ఆయన వండిపెడతారు. చేతకాకపోతే, అదీ నేర్పే వస్తాను."